మేము వెళ్ళని జాంబియా

పోయిన నెల జగిత్యాలలో ఒక వీడ్కోలు కూడికకు వెళ్ళాను. మా సంఘం నుంచి ఒక యువ పాస్టరు, ఆయన భార్య, వాళ్ళ ఇద్దరు చిన్నపిల్లలు సువార్త పని కోసం ఆఫ్రికా వెళ్తున్నారు. వాళ్ళు ఉండబోయే ఇల్లు, దాని వెనక మక్కజొన్న చేను, అక్కడి బడిపిల్లలు, అన్నీ తెర మీద చూపించారు. అక్కడి సంఘపెద్ద ఒకాయన ఫోనులో కనిపించి చెయ్యి ఊపితే ఇక్కడ మూడు వందల మందీ చెయ్యి ఊపారు. పాస్టరు భార్య మైకు తీసుకుని, వెళ్ళడం ఇష్టమేనా అని పంపేవాళ్ళు తనను కూడా విడిగా కూర్చోబెట్టి అడిగారని, ఆలోచించుకోవడానికి తనకు మూడు నెలలు పట్టిందని చెప్పి నవ్వింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాత భోజనాలు. నా పక్కన కూర్చున్న మా చెల్లెలు రూతు, "ఏందక్కా, తింటలేవు?" అని అడిగింది. పన్ను నొస్తుందని చెప్పాను. మాకు ఇలాంటి కూడిక జరిగినప్పుడు రూతుకు అయిదేళ్ళు, ఏమీ గుర్తుండి ఉండదు. మా మెడల్లో కూడా ఒకప్పుడు ఇలాగే దండలు వేశారు. మా నలుగురినీ ముందు కుర్చీల్లో కూర్చోబెట్టి, ప్రార్థన చేసి, ఫోటో తీసి, కన్నీళ్ళు పెట్టుకుని సాగనంపారు. మేము మాత్రం వెళ్ళలేదు.

మేము అప్పుడు కోరుట్లలో ఉండేవాళ్ళం. చర్చి వెనక రెండు గదుల పెంకుటిల్లు పాస్టరుకిచ్చే ఇల్లు. మా బాపు సిరిసిల్లలో నేతపని చేసే ఇంట్లో పుట్టి, పద్దెనిమిదేళ్ళప్పుడు క్రైస్తవంలోకి వచ్చి, మగ్గం వదిలి పాస్టరయ్యాడు. అమ్మది మేడిపల్లి, కల్లుగీసే వాళ్ళ ఇల్లు. జగిత్యాలలో మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదువుకుంది. బాపు పేరు సమూయేలు. కానీ ఊళ్ళో ఆయన పాస్టరు సారు, ఆమె పాస్టరమ్మ. ఆదివారం పొద్దున బాపు పాటలప్పుడు వాయించే తన కంజరను కుంపటి మీద కాస్త వెచ్చబెట్టేవాడు, తోలు బిగుసుకోవాలని. వేడెక్కిన తోలు వాసన, మరుగుతున్న చాయ వాసన, అమ్మ ముందురోజు ఉతికి గంజిపెట్టిన బాపు తెల్లంగి వాసన, ఈ మూడూ కలిసిందే నాకు ఆదివారం. ఇప్పటికీ ఎక్కడైనా కాలిన తోలు వాసన తగిలితే తల దువ్వుకున్నానా లేదా అని చెయ్యి జడ మీదికి పోతుంది.

బాపు ప్రసంగం వినడానికి మా మతం కానివాళ్ళు కూడా వచ్చి గోడ పక్కన నిలబడేవాళ్ళు. ఆయన చెప్పేది పుస్తకాల భాషలో ఉండేది కాదు. సిరిసిల్లలో నేతవాళ్ళ వాడకట్టుల్లో మాట్లాడేటప్పుడైతే మరీను. "పోగు తెగితె ఏంజేస్తరే? మగ్గం ఇడిసిపెట్టి పోతరా? ముడేసుకుంటరు. మల్ల తెగితె మల్ల ముడేస్తరు. మరి దేవుడు నిన్నెందుకు ఇడిసిపెడ్తడనుకుంటున్నవు?" అని, కంజర మీద ఒక్క దెబ్బ వేసి ఆగేవాడు. ఆ ఆగిన చోట ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మాటలో ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. వీర్నపల్లి వైపు చిన్న పల్లెలకు సైకిలు మీద వెళ్ళినా, వచ్చేటప్పుడు సైకిలుకు ఏదో ఒక కూరగాయల మూట వేలాడుతూ ఉండేది. ఆయన మాటకు జనం ఇచ్చుకున్నది అది.

ఒక పెద్ద కూడికలో ఎవరో దూరదేశం నుంచి వచ్చినాయన, జాంబియాలో ఒక పల్లెలో బడి, దవాఖాన, చర్చి కలిసి ఉన్న చోట పనిచేయడానికి మన దేశం నుంచి ఒక కుటుంబం కావాలని చెప్పాడట. ఎవరు వెళ్తారు అని అడిగితే, పాటల వేడిలో ఉన్న బాపు చెయ్యి ఎత్తాడు. ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టె చేస్తోంది. నేను పక్కనే పల్లెంలో చింతచిగురు ఏరుతున్నాను.

"ఇగో, ఇంటున్నవా? మనం జాంబియా పోతున్నం" అన్నాడు బాపు.

"గదేడున్నది?"

"ఆఫ్రికాల. సముద్రం దాటి పోవాలె."

అమ్మ రొట్టె తిప్పింది. "గాడ జొన్నలు దొరుకుతయా?"

"మక్కలు దొరుకుతయట."

"మక్కలైతె మంచిదే" అంది అమ్మ. అంతే. ఆమెను వస్తావా అని ఎవరూ అడగలేదు, బాపు అడగలేదు, ఆ తరువాత వచ్చిన పెద్దలూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె రాకపోవడం అనేది మా ఎవరి ఊహలోనూ లేదు.

అప్పటినుంచి ఏడాదిపైన మా ఇల్లు ఒక ప్రయాణపు సామాను గదిలా ఉండేది. సాయంత్రం అయిదింటికి గ్రేసమ్మ టీచరు వచ్చేది. బడి నుంచి రిటైరయిన ఆమె, కళ్ళద్దాలకు దారం కట్టుకుని, అరుగు మీద చాపలో కూర్చుని బాపుకూ అమ్మకూ ఇంగ్లీషు చెప్పేది. బాపు పొడుగాటి నోటుబుక్కులో మాటలు రాసుకుని కంఠతా పట్టేవాడు. అమ్మ బియ్యం ఏరుతూ వినేది. తెల్లారి వంట చేసుకుంటూ కనిపించిన వస్తువునల్లా ఇంగ్లీషులో పిలిచేది. సాల్ట్. లేడిల్. స్మోక్. పొగ కళ్ళల్లోకి వచ్చినప్పుడు కూడా, "టూ మచ్ స్మోక్" అని ముక్కు తుడుచుకునేది. నాలుగు నెలలు తిరిగేసరికి గ్రేసమ్మ టీచరు తెచ్చిచ్చిన కథల పుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేసింది. బాపు ఇంకా నోటుబుక్కులోనే ఉన్నాడు. "నీకెట్లొస్తుందే?" అని అడిగేవాడు నవ్వుతూ. తరువాత తరువాత అడగడం మానేశాడు.

అక్కడ జూన్, జూలైలలో చలి పెడుతుందని ఎవరో చెప్పారు. అమ్మ గ్రేసమ్మ టీచరు దగ్గరే అల్లిక నేర్చుకుని, నిండు ఎండాకాలంలో నాలుగు స్వెట్టర్లు అల్లింది. బాపుకు నీలం, మాకు ఎరుపు, తనకు మాత్రం మిగిలిన ఊలు ముక్కలన్నీ కలిపి. కోరుట్ల వడగాడ్పులో, తలుపు వేసుకుని, నలుగురం స్వెట్టర్లు తొడుక్కుని చూసుకున్నాం. ఒళ్ళంతా చెమట, మెడ దగ్గర దురద. రూతు ఏడుపు అందుకుంది. అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, ఊపిరాడనంతగా నవ్వింది, నవ్వి నవ్వి దగ్గింది. ఆమె అంతగా నవ్వడం నేను తరువాత చాలా తక్కువసార్లు చూశాను. ఆ దగ్గును మేమెవరం పట్టించుకోలేదు.

పంపేముందు బాపు ఇంగ్లీషులో ఎలా మాట్లాడతాడో వినడానికి ఇద్దరు పెద్దలు జగిత్యాల చర్చికి వచ్చారు. బాపు ఆరు నిమిషాల ప్రసంగం రాసుకుని బట్టీపట్టాడు. నెలరోజులు స్నానం చేస్తూ కూడా అదే చదివాడు. అందులో ఆ తెగిన పోగు సంగతే పెట్టుకున్నాడు. ఆ రోజు కంజర తీసుకెళ్ళాడు గానీ దాన్ని కుర్చీ కింద పెట్టేశాడు. మొదలు బాగానే చెప్పాడు. దారం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాడు. మామూలుగా ఆయన ఆగితే జనం ఊపిరి బిగపట్టేవాళ్ళు. ఈ ఆగడం వేరు. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. ఆడవాళ్ళ వైపు నుంచి అమ్మ గొంతు మెల్లగా వినిపించింది. "వెన్ ద త్రెడ్ బ్రేక్స్..." అంది. ఆ పెద్దలిద్దరూ నవ్వారు. ఎగతాళి నవ్వు కాదు, ప్రేమగానే నవ్వారు. మిగతావాళ్ళూ నవ్వారు. బాపు ఆ మాట అందుకుని, మిగిలిన రెండు నిమిషాలూ గబగబా అప్పజెప్పి కూర్చున్నాడు. అక్కడ ఉంటే భాష అదే వస్తుందని పెద్దలు ఆయన భుజం తట్టి ఒప్పుకున్నారు. తిరుగు బస్సులో బాపు కంజర ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. మేడిపల్లిలో బస్సు ఆగితే మా మామ కిటికీ దగ్గరికి వచ్చి, "బావా, మంచిగున్నవా?" అని పలకరించాడు. బాపు తల ఊపాడు గానీ ఆయన వైపు చూడలేదు. అమ్మే మాట్లాడింది.

ఆ తరువాత పనులు వాటంతట అవే నడిచాయి. పాస్‌పోర్టులు వచ్చాయి. కోరుట్లకు కొత్త పాస్టరును నియమించారు. మంచాలు, బిందెలు, విసుర్రాయి, తన చేత్తో నాటిన మల్లెతీగతో సహా అన్నీ అమ్మ పంచేసింది. కారం నూరే రోలు పక్కింటి లచ్చక్కకు ఇచ్చింది. లచ్చక్క కొడుకులు ఇద్దరూ దాన్ని దొర్లించుకుంటూ తీసుకెళ్ళారు. నేను బడిలో ఎనిమిదో తరగతి పిల్లలందరికీ అక్కడి నుంచి ఉత్తరాలు రాస్తానని, విమానం కిటికీలోంచి కోరుట్లను చూస్తానని చెప్పాను. వీడ్కోలు కూడికలో ఏడ్చిన వాళ్ళలో నా తరగతి పిల్లలూ ఉన్నారు.

వీడ్కోలు అయిన వారానికి ఒక కబురు వచ్చింది. ఎప్పుడో తీయించిన ఆరోగ్య సర్టిఫికెట్లకు ఏడాది దాటింది కాబట్టి మళ్ళీ తీయించమన్నారు. నలుగురం జగిత్యాల వెళ్ళాం. డాక్టరమ్మ అమ్మ ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. కుడి ఊపిరితిత్తి మీద మచ్చ ఉందని, టీబీ అని, మందులు వాడితే తగ్గుతుందని, కానీ ఈ స్థితిలో ప్రయాణానికి సంతకం చేయలేనని చెప్పింది. బాపు ఆ నల్లటి ఫిల్మును తన చేతిలోకి తీసుకుని తనూ కిటికీకి పెట్టి చూశాడు. అమ్మ నేలకేసి చూస్తూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటినుంచి మా ఇంట్లో ఆమె పల్లెం వేరు, గిలాస వేరు.

పదిహేను రోజుల తరువాత పంపేవాళ్ళ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పోస్టుమ్యాను చేతిలోంచి తీసుకున్నది అమ్మే. గడపలో నిలబడి విప్పి చదివి, మడిచి, బాపు బైబిల్లో పెట్టింది. సాయంత్రం బాపు మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇగ పోవుడు లేదు బిడ్డా" అన్నాడు. ఆదివారం సంఘం ముందు, ఇంటామె పాణం బాగలేక దేవుడు ఆపాడని చెప్పాడు. జనం అమ్మ వైపు జాలిగా చూశారు. ఆ చూపులు ఎలా ఉంటాయో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వస్తువులు తీసుకున్నవాళ్ళు తిరిగివ్వాలో వద్దో తెలియక మమ్మల్ని చూసి పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు. లచ్చక్క ఒక్కతే రోలును మళ్ళీ దొర్లించుకు వచ్చి గుమ్మంలో పెట్టింది. "తీస్కో పాస్టరమ్మా. నేను ఒక్కపారే నూరిన. కడిగిన" అంది. కానీ ఆ ఇల్లు అప్పటికే మాది కాదు. కొత్త పాస్టరు సామాను ముందు గదిలో దిగింది, మేము వెనక గదిలో ఉన్నాం.

బడిలో నా పేరు జాంబియా అయింది. "ఓ జాంబియా, విమానం ఎప్పుడే?" అని అడిగేవాళ్ళు, నా కోసం ఏడ్చిన పిల్లలే. ఒకరోజు మధ్యాహ్నం బడి మధ్యలో ఇంటికి వచ్చేశాను. అమ్మ వెనక వాకిట్లో కూర్చుని తన పల్లెం బూడిదతో తోముకుంటోంది. బాపు లోపల కుర్చీలో ఉన్నాడు. నేను సంచి నేలకేసి కొట్టాను.

"నీతోటే గిట్లయింది" అన్నాను. "నువ్వు లేకుంటె మేం ముగ్గురం పోతుంటిమి."

అమ్మ చెయ్యి ఆగింది. లోపల కుర్చీ చప్పుడైంది. బాపు లేచి గడప దాకా వచ్చాడు. అమ్మ వెనక్కి తిరగకుండానే బూడిద చెయ్యి ఎత్తి ఆయనను ఆపింది. నన్ను కొట్టకుండా ఆపుతోందనుకున్నాను. బాపు వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. అమ్మ పల్లెం కడిగి, బోర్లించి, "అన్నం తిన్నవా బిడ్డా?" అని అడిగింది.

మేము సిరిసిల్లకు మారాం. బాపుకు అక్కడొక చిన్న సంఘం ఇచ్చారు. మేమున్న గల్లీలో చేతిమగ్గాలు పోయి మరమగ్గాలు వస్తున్న రోజులు. పొద్దస్తమానం గోడలు అదిరేవి, గాలిలో దూది పీచు. ఆ గాలి పీల్చుకుంటూ అమ్మ మందులు మింగి, రోజూ దవాఖానకు నడిచి వెళ్ళి సూదులు వేయించుకుని, ఏడాదిన్నరకు బాగుపడింది. బాగుపడిన తరువాత జాంబియా మాట ఎవరూ ఎత్తలేదు. బాపు మళ్ళీ కంజర పట్టుకున్నాడు, మగ్గాల చప్పుడును మించి వినబడేలా మాట్లాడాడు, చివరిదాకా మంచి ప్రసంగీకుడిగా బతికి పోయాడు. అమ్మ గల్లీలోని నేతవాళ్ళ ఆడపిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టి ఇంగ్లీషు చెప్పేది. నాకూ ఆమే చెప్పింది. నేను ఇంగ్లీషు టీచరునై ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా అమ్మకు ఊపిరి సరిగ్గా ఉంటే నేను ఇంకేదో అయ్యేదాన్నన్న మాట మాత్రం మనసులో ఒక మూల అలాగే పెట్టుకుని ఉన్నాను, నాకు యాభై ఏళ్ళు దాటేదాకా.

అమ్మ పోయి రెండేళ్ళయింది. ఆమె పెట్టె సర్దుతుంటే ఒక కవరులో ఆ ఎక్స్‌రే ఫిల్ము, ఆనాటి ఉత్తరం దొరికాయి. ఉత్తరంలో వాళ్ళు వద్దనలేదు. నయమయ్యేదాకా మందులు వాడమన్నారు. అంతదాకా ఆ చోటు మా కోసం అట్టే పెడతామన్నారు. నెలలోగా మీ ఉద్దేశం రాయండి అని మర్యాదగా అడిగారు. దానికి పిన్ను కొట్టి ఉన్న ఇంకో కాగితం బాపు జవాబుకు చిత్తు. భార్య ఆరోగ్యం దృష్ట్యా ఈ పిలుపును శాశ్వతంగా వదులుకుంటున్నానని, వేరే కుటుంబాన్ని చూసుకోమని ఆయన ఇంగ్లీషులో రాశాడు. అందులో మూడు చోట్ల స్పెల్లింగులు దిద్ది ఉన్నాయి. ఒక వాక్యం కొట్టేసి పైన సరిగ్గా రాసి ఉంది. దిద్దిన చేతిరాత అమ్మది.

ఆ కాగితం చూశాక నాకు అర్థమైంది. బాపు భయపడ్డాడు. జగిత్యాల చర్చిలో ఆ నవ్వు విన్నప్పటి నుంచి భయపడుతూనే ఉన్నాడు. తన ఆస్తి అంతా నాలుక మీద ఉన్న మనిషి, ఆ నాలుక పనికిరాని చోటికి జీవితాంతం వెళ్ళాలంటే భయపడడా? చెయ్యి ఎత్తినవాడు దించుకోవడానికి సంఘం ముందు ఆయనకు కారణం కావాలి. అమ్మ ఊపిరితిత్తి ఆ కారణమయింది. అమ్మకు ఆ సంగతి తెలుసు, తెలిసీ దిద్దిపెట్టింది. ఆ రోజు వాకిట్లో ఆమె బూడిద చెయ్యి ఎత్తింది నా కోసం కాదు. నిజం చెప్పబోయిన మనిషిని ఆపింది. కాగితం తీసుకెళ్ళి రూతుకు చదివి వినిపించాను. రూతు ఏడ్చి, "బాపును ఏమనకు అక్కా" అంది. బాపును నేనేమీ అనను. ఆయన ఇక్కడ ఉండిపోవడం వల్ల ఎన్ని పల్లెల్లో ఎంతమంది మనసు కుదుటపడిందో నేను చూశాను. అమ్మకు మాత్రం వెళ్ళాలని ఉండేదా, అక్కడ ఇంగ్లీషులో బడి చెబుతూ ఇంకో మనిషయ్యేదా అన్నది నాకు తెలియదు. జగిత్యాలలో ఆ అమ్మాయి మూడు నెలలు ఆలోచించుకున్నానని మైకులో చెప్పి నవ్వుతుంటే, అలా ఆలోచించుకునే మూడు రోజులైనా మా అమ్మకు ఎవరు ఇవ్వగలిగేవాళ్ళో లెక్కవేసుకుంటూ కూర్చున్నాను. ఆ లెక్కలో మొదట బాపు ఉన్నాడు. ఆ తరువాత నేనున్నాను.

చివరి పదకొండేళ్ళు అమ్మ నా దగ్గరే ఉంది. పోవడానికి ముందు చలికాలంలో ఒకరోజు ఇద్దరం ఎండలో కూర్చున్నాం. నేను ఫోను చూసుకుంటున్నాను. అమ్మ వీధికేసి చూస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఎస్తేరూ, కోరుట్లల నువ్వు నన్నొక మాటన్నవు. యాదికున్నదా?"

నాకు గుర్తుంది. ఒక్కో అక్షరం గుర్తుంది. అప్పటికి ఉత్తరం సంగతి నాకు తెలియదు. అయినా క్షమించమని అడగడానికి ఉత్తరం సంగతి తెలిసే ఉండాలా? అప్పుడు అడిగి ఉంటే ఆమె ఇంకేమైనా చెప్పేదేమో. నేను ఫోనులోంచి తల ఎత్తలేదు.

"ఏ మాటనే?" అన్నాను.

అమ్మ నన్ను చూస్తోందని తెలుస్తూనే ఉంది.

"ఏం లేదు బిడ్డా" అంది. "చాయ పెట్టు పో."

లేచి వెళ్ళి చాయ పెట్టాను. ఆమె రెండు గుక్కలు తాగి, చక్కెర తక్కువైందని చెప్పింది.